తెల్ల అంచుల దవాఖాన

పోయిన వారం మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక అమ్మాయి పెద్దగా అరిచింది. భయపడి కాదు, నవ్వు ఆపుకోలేక. పక్క కంప్యూటర్ల వాళ్లు లేచి వెళ్లి ఆమె వెనక గుమిగూడారు. నేనూ వెళ్లి చూశాను. తెర నిండా ఊదా రంగు, నలుపు గళ్లు. నేల మీద అవే, గోడల మీద అవే, చెట్ల మీదా అవే. "మేడం, నా ప్రపంచమంతా ఖరాబైంది చూడండి" అంటూ ఆ అమ్మాయి ఇంకా నవ్వుతూనే ఉంది.

అందులో భయపడాల్సిందేమీ లేదు. అది దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే గేము. రాయికీ మట్టికీ చెక్కకీ పైన అతికించిన బొమ్మలుంటాయి. అవి నచ్చకపోతే మనమే కొత్తవి గీసి, అన్నీ ఒక కట్టగా చేసి గేములో పెట్టుకోవచ్చు. దాన్ని టెక్స్చర్ ప్యాక్ అంటారు. పెట్టడంలో పొరపాటు జరిగి బొమ్మ దొరక్కపోతే గేము ఆ చోట ఊదా, నలుపు గళ్లు చూపిస్తుంది. అంతే. రెండు నిమిషాల్లో సరిచేసి ఇచ్చాను. కానీ నా కుర్చీలోకి తిరిగొచ్చాక కూడా ఆ గళ్లే గుర్తొస్తూ ఉన్నాయి.

కొన్నేళ్ల కిందట ఇదే గదిలో, ఇవే గళ్ల ముందు కూర్చుని ఒకాయన నన్ను చాలా మెల్లగా ఒక ప్రశ్న అడిగారు. ఆయన పేరు రాయను. పేరు బయటికి రావడం ఆయనకు ఎప్పుడూ ఇష్టముండేది కాదు.

మా ఇన్‌స్టిట్యూట్ దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణాల సందులో రెండో అంతస్తు. ఆ సందు మొదట్లో ఉన్న చీరల షోరూంలో ఆయన చీరలు చూపించే పని చేసేవారు. యాభై దాటిన మనిషి. పోచంపల్లి నేతకారుల కుటుంబం. మగ్గం వదిలి పట్నం వచ్చి చాలా ఏళ్లయింది. భార్య లేదు. ఒక్కతే కూతురు, సూర్యాపేటలో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. ఎల్బీ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఆయన ఒక్కరే ఉండేవారు.

"బొమ్మలు గీసే కోర్సు కావాలె మేడం" అన్నారు మొదటి రోజు.

"కంప్యూటర్ ఏమైనా వచ్చా అంకుల్?"

"ఒక్క గేము వచ్చు. నా బిడ్డ నేర్పింది."

రోజూ షాపు తెరవకముందు, ఎనిమిదిన్నర బ్యాచ్‌కి వచ్చేవారు. మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టేవారు. ఆఖరి మెట్టు మీద "ముప్పై నాలుగు" అని పైకే అని, తలుపు చట్రాన్ని ఒకసారి తడిమి లోపలికి వచ్చేవారు. ఎవరైనా పలకరిస్తే కళ్లు తిప్పేవారు కాదు, తల మొత్తం తిప్పేవారు. టీ గ్లాసు అందిస్తే తీసుకునేవారు కాదు. "ఆడ పెట్టుర్రి మేడం, తాగుత" అనేవారు. పెట్టిన చప్పుడు విని, బల్ల మీద చెయ్యి మెల్లగా జరుపుకుంటూ గ్లాసును పట్టుకునేవారు. నేను దాన్ని మొహమాటం అనుకున్నాను. సాయంత్రాలు షాపు మూసేశాక తోటి పనివాడి భుజం మీద చెయ్యేసి మెట్రో దాకా నడిచేవారు. నేను దాన్ని స్నేహం అనుకున్నాను.

ఆయన నోట్లో ఎప్పుడూ ఆడే మాట ఒకటే. "ముందుగాల ఒక కాపీ పెట్టుర్రి." ఏ ఫైలు తెరిచినా, ఏ మీట నొక్కాలన్నా ముందు కాపీ. ఆ కాపీకి ఇంకో కాపీ. "ఇది నొక్కితే ఏం గాదు గదా?" అని రెండుసార్లు అడిగి, నేను ఏం కాదన్నాక కూడా వేలు ఎత్తి గాల్లో అలాగే ఉంచేవారు. పక్కనున్నవాళ్లకు విసుగొచ్చేది. నిజం చెప్పాలంటే నాకూ వచ్చేది.

గేములోని ఒక్కో బొమ్మ అడ్డం పదహారు, నిలువు పదహారు గళ్లని చూపించిన రోజు మాత్రం ఆయన మొహం వెలిగిపోయింది. "గిది మా గ్రాఫే గదా మేడం!" అన్నారు. నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే చీరలకు డిజైన్ అంతా గళ్ల కాగితం మీదే గీస్తారట. ఆయన పాతికేళ్లు అదే పని చేశారు. ఆ రోజు నుంచి నేను నేర్పింది తక్కువ, చూసింది ఎక్కువ. ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి, ఒక్కో గడి నింపేవారు. రాయికి నల్లటి రంగు, చుట్టూ తెల్లటి అంచు. చెక్కకు పసుపు, దానికీ తెల్లటి అంచు. మట్టికి, ఇసుకకు, ఇటుకకు, అన్నిటికీ తెల్లటి అంచు.

"ఎందుకండీ అన్నిటికీ అంచులు? చూడ్డానికి బాగోదేమో" అన్నాను.

"అంచు లేకపోతే చీరే గాదు మేడం" అని నవ్వేశారు.

ఆ గేములో ఆయనా కూతురూ కలిసి ఒక దవాఖాన కడుతున్నారు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆమె హాస్టల్ నుంచి, ఈయన మా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒకే ప్రపంచంలోకి వెళ్లేవారు. ఫోను స్పీకర్ మీద పెట్టి మాట్లాడుకునేవారు. గోడలు ఎక్కడ రావాలో, పడకలు ఎన్నుండాలో ఆమె చెప్పేది. రాళ్లు మోసేది ఈయన. మోస్తూ మోస్తూ రెండో అంతస్తు అంచు నుంచి ధబేల్‌మని కింద పడేవారు. ఆమె పడీ పడీ నవ్వేది. "మా మేస్త్రి మళ్ల పడ్డడు! నాయినా, కండ్లు యాడ పెట్టుకొని నడుస్తున్నవ్?"

ఆ మాటకు ఆయన నవ్వేవారు కాదు. నేను గమనించాను గానీ ఎందుకో ఆలోచించలేదు.

బొమ్మలన్నీ పూర్తయిన రోజు ప్యాక్ గేములో పెట్టే పని నేను తీసుకున్నాను. "బిడ్డ కట్టిన దవాఖాన పోదు గదా మేడం?" అని ఆయన నాలుగైదుసార్లు అడిగారు. బొమ్మలు మారినా కట్టడం ఎక్కడికీ పోదని చెప్పాను. చూస్తే ఆయన ఫైళ్లన్నిటినీ వేరే రకంలో భద్రపరిచారు. ఒక్కొక్కటీ తెరిచి సరైన రకంలోకి మార్చాలి. నాకు తర్వాతి బ్యాచ్ బయట నిలబడి ఉంది. తొందరలో ఫైళ్ల పేర్ల చివరి అక్షరాలు మాత్రం మార్చేసి, అన్నిటినీ కట్టగా చేసి, గేము ఫోల్డర్‌లో వేసి, జాబితాలో ఎంచి, "ఇప్పుడు మీరు లోపలికి వెళ్లండి అంకుల్" అని పక్క బల్ల దగ్గరికి పోయాను. అలా మార్చకూడదని పిల్లలకు నేర్పేది నేనే.

కాసేపటికి ఆయన పిలిచారు. పిలిచినట్టు కాదు, ఊపిరి వదిలినట్టు.

"మేడం... మీకేం కనపడుతుంది?"

తెర నిండా ఊదా, నలుపు గళ్లు. నేను నా పొరపాటు గుర్తొచ్చి నవ్వబోయాను. అప్పుడు ఆయన్ని చూశాను. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసి, తెరిచి, మళ్లీ మూస్తున్నారు. చొక్కా మెడ దగ్గర తడిసిపోయింది.

"మీకు గూడ గళ్లు కనపడుతున్నయా? నాకొక్కనికేనా?"

"నాకూ కనిపిస్తున్నాయండీ. అందరికీ కనిపిస్తాయి. నేనే తప్పు చేశాను" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టండీ."

ఆయన బల్ల మీద తల వాల్చేశారు. బయటి బ్యాచ్‌ని పది నిమిషాలు ఆగమని తలుపు దగ్గరగా వేశాను. అప్పుడు చెప్పారు. కంటి వెనక పొర పక్కల నుంచి ఎండిపోతూ వస్తోందట. మొదట చీకట్లో కనపడటం పోయింది. తర్వాత పక్కలు పోయాయి. ఇప్పుడు తలుపు సందులోంచి చూసినట్టు మధ్యలో ఇంత మాత్రం మిగిలింది. మందు లేదన్నారు. వాళ్ల అన్నకూ ఇదే వచ్చింది. "మా అన్న మగ్గం కాడ కూసొని, కండ్ల ముందట రంగుల గళ్లు ఆడుతున్నయిరా అన్నడు. గా తర్వాత నెలకు మొత్తం పోయినయ్. నాకు గియ్యాల గవే వచ్చినయనుకున్న మేడం."

షాపులో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. కూతురికి తెలియదు. తెలిస్తే చదువు మానేసి వచ్చేస్తుంది. "దాని చదువు అయ్యేదాంక ఆగితే చాలు" అన్నారు. ఆగాల్సింది ఎవరో, ఎవరిని బతిమాలుతున్నారో నాకు అర్థం కాలేదు. తెల్ల అంచులు ఎందుకో మాత్రం అర్థమైంది. గోడ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ అడుగు వేస్తే పడిపోతారో ఆయనకు కనపడాలి. గేములో తను అస్తమానం పడిపోతే కూతురికి అనుమానం వస్తుంది.

ఆ సాయంత్రమే ఫైళ్లన్నీ సరిగ్గా మార్చి ప్యాక్ మళ్లీ పెట్టాను. మర్నాడు ఆయన తెల్ల అంచుల దవాఖానలో మూడు అంతస్తులూ తిరిగి ఒక్కసారీ పడకుండా కిందికి దిగారు. కానీ ఆయన భయం నాకు అంటుకుంది. అప్పుడప్పుడు మెట్రో దాకా ఆయనతో నడిచేదాన్ని. "మీ బ్యాగు పట్టి జర పట్టుకుంట మేడం" అని అడిగి, రెండు వేళ్లతో పట్టుకునేవారు. అంతవరకు నాకు కనపడని ఊరు అప్పుడు కనిపించడం మొదలైంది. ఫుట్‌పాత్ మీద లేచిన పలకలు, మూతలేని గుంత, ఎదురు వచ్చే బైకులు, దుకాణం బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ. ఆయన వెనక ఉంటే ఒక్కో అడుగూ చూసి వేసేదాన్ని. ఎల్బీ నగర్ దాకా ఒక్కరే ఎలా వెళతారని అడిగితే, "అది ఆఖరి స్టేషన్ మేడం. ఏం ఫికర్ లేదు. అందరు దిగుతరు, నేను గూడ దిగుత" అన్నారు.

కొన్ని వారాలకు ఆదివారం మాటలు మారాయి. దవాఖాన కట్టడం మానేసి ఆయన కూతుర్ని గుహల్లోకి తీసుకెళ్లేవారు. "బిడ్డా, గా మూలకు ఏమున్నది? గంత చీకట్ల నీకు కనపడుతుందా?" అని మళ్లీ మళ్లీ అడిగేవారు. "ఏంది నాయినా, పరీక్ష పెడుతున్నవా?" అని ఆమె విసుక్కునేది. ఈయన ఉలిక్కిపడి మాట మార్చేవారు.

ఒక ఆదివారం నేను రిజిస్టర్ రాసుకుంటుంటే ఆయన గొంతు మారింది.

"మంచిగ చూడు. రాయి మీద, కింద మూలకు. పువ్వు లేదా?"

"ఏం పువ్వు నాయినా? ఉత్త రాయే."

"దగ్గరికి పోయి చూడు బిడ్డా. లైటు వేసుకొని చూడు."

"పెట్టిన గదా కాగడా. ఏం లేదంటే లేదు."

ఆయన మౌస్ వదిలేశారు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నా వైపు కాకుండా గోడ వైపు తిరిగి, "అయిపోయింది మేడం. దానికి గూడ వచ్చింది" అన్నారు. తర్వాత ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చారు.

నేను పరుగెత్తి వెళ్లి తెర చూశాను. నల్లరాతి మూలన ఇంచుమించు అదే రంగులో సన్నటి ఎనిమిది రేకుల పువ్వు. నాకు చెప్పకుండా ఆయనే గీసి ప్యాక్‌లో కలిపారు. ఆయన భయం తన కళ్ల గురించి కాదు. ఈ జబ్బు వంశంలో దిగుతుందని డాక్టర్లు చెప్పారు. కూతుర్ని పరీక్ష చేయించుకోమంటే తన సంగతి చెప్పాలి. చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, తనకు తెలిసిన గళ్లలోనే ఒక పరీక్ష తయారుచేశారు. తెర మీద పువ్వు కనపడితే కళ్లు బాగున్నట్టూ కాదు, కనపడకపోతే పోయినట్టూ కాదు. ఆ మాట ఆయనకు చెప్పేవాళ్లెవరు?

"అంకుల్, నా మాట వినండి" అన్నాను. "మీరు పెట్టిన ప్యాక్ ఈ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటుంది. మీ అమ్మాయికి తన కంప్యూటర్‌లో ఉన్న పాత బొమ్మలే కనిపిస్తాయి. చోటు ఒకటే, ఎవరి బొమ్మలు వాళ్లవి. ఆ పువ్వు ఆమె తెర మీద లేనే లేదు. మీ తెల్ల అంచులు కూడా ఆమె ఇంతవరకు చూడలేదు."

"నన్ను ఊకుంచనీకి అంటున్నరు."

"ఊరుకోబెట్టడానికి కాదండీ, నిజం."

అప్పుడు బల్ల మీద ఫోను మాట్లాడింది. దాన్ని ఆపాలని మా ఇద్దరికీ గుర్తు లేదు.

"నాయినా" అంది కూతురు. "ఏడువకు. రేపు పొద్దుగాల బస్సుకు వస్తున్న."

మర్నాడు ఎల్బీ నగర్‌లో బస్సులు ఆగే చోటికి నన్నూ రమ్మన్నారు. "బిడ్డ ముందట ఒక్కన్ని నిలబడలేను మేడం" అన్నారు. మెట్రో స్తంభం పక్కన నిలబడ్డాం. వచ్చే ప్రతి బస్సు వైపూ ఆయన తల తిప్పుతున్నారు. ఒక బస్సు వెనక తలుపు నుంచి భుజానికి సంచితో ఒక అమ్మాయి దిగింది. ఆయన పోలికే. నేరుగా వచ్చి ఆయన ఎడమ పక్కన, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఆగింది. నన్ను చూసి, మాట్లాడొద్దని సైగ చేసింది. ఆయన ఎదురుగా బస్సుల వైపే చూస్తున్నారు. ఆ అమ్మాయి తన అరచేతిని ఆయన చెంప పక్కన మెల్లగా ఆడించింది. ఆయన కదల్లేదు. ఇంకాస్త ముందుకు జరిపింది. అయినా కదల్లేదు. ఆమె పెదవి కొరుక్కోవడం చూసి నేను మొహం తిప్పుకున్నాను.

"నాయినా" అని భుజం మీద చెయ్యి వేస్తే ఆయన అదిరిపడ్డారు.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"గిప్పుడే." కళ్లు తుడుచుకుంది. "నాకు తెల్సు నాయినా. పోయిన ఎండకాలం ఇంటికొచ్చినప్పుడే చూసిన. నీళ్ల గిలాస పక్కకుంటే ముందట దేవులాడినవ్."

ఆమె సంచిలోంచి ఒక కవరు తీసింది.

"పెదనాయినకు వచ్చింది, నీకు వచ్చింది. నర్సింగ్ చదువుతున్న, నాకు తెల్వదా? కాలేజీ వాళ్లను అడిగి పెద్ద కంటి దవాఖానకు పోయిన. అన్ని పరీక్షలు చేసిన్రు. ఇప్పటికైతే రెండు కండ్లు మంచిగున్నయ్ అన్నరు."

"ఎప్పుడు?"

"ఆరు నెలలాయె."

"ఆరు నెలల సంది చెప్పలేదేంది?"

"ఎట్ల చెప్పాలె? చెప్తే నీ సంగతి నాకు తెల్సని తెలుస్తది. నువ్వు దాస్తున్నవు గదా. నాకు భయమైంది నాయినా."

ఆయన కాగితం తీసుకుని కళ్లకు ఆనించుకున్నారు. ఒక్కో మాటను చూపు మిగిలిన ఆ చిన్న సందులోకి తెచ్చుకోవాలి. కాగితం కాస్త జరిగినా మాట తప్పిపోతోంది. కాగితం నాకిచ్చి, "మీరు సదువుర్రి మేడం. అది నా కోసం అబద్ధమాడుతది" అన్నారు.

బస్సుల హారన్ల మధ్య, గొంతు పెంచి, ఆ రిపోర్టు మొత్తం చదివాను. మళ్లీ చదవమన్నారు. చదివాను. ఆఖర్లో ఏడాదికోసారి పరీక్షకు రావాలని ఉంది. ఆ ఒక్క వాక్యం మూడోసారి చదివించుకున్నారు.

"అంటే, ఆ జబ్బు ఎన్నడన్న రావచ్చునన్నట్టేనా?"

కూతురు ఆయన చెయ్యి తీసుకుని తన మోచేతి మీద పెట్టుకుంది.

తర్వాత ఏమైందో ముందు చెప్పేస్తాను. షోరూం యజమాని ఆయన్ని పనిలోంచి తీయలేదు. వెనక సామాను గదిలో, వచ్చిన చీరల నేత చేత్తో తడిమి చూసే పనికి మార్చారు. కూతురి చదువయ్యి, వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చేదాకా ఆ పనే చేసి, ఆమెతో వెళ్లిపోయారు. ఆ తర్వాత ఫోన్ నంబరు మారింది. తలుపు సందంత ఆయన చూపులో ఇంకా ఎంత మిగిలిందో నాకు తెలియదు.

నాకు బాగా గుర్తున్నది మాత్రం కూతురు వచ్చిన మూడో రోజు. పొద్దున్నే ఇద్దరూ ముప్పై నాలుగు మెట్లెక్కి వచ్చి, షాపు తలుపు దాకా రమ్మని నన్ను పిలిచారు. యజమానికి ఆ రోజే చెప్పేస్తానన్నారు. దారి తడుముకోవడానికి కంటి దవాఖాన వాళ్లు ఇచ్చిన మడత పెట్టే తెల్ల కర్ర ఏడాదిగా ఆయన సంచిలో, టిఫిన్ డబ్బా కింద, విప్పకుండా పడి ఉందట. అద్దాల తలుపు ముందు నిలబడి దాన్ని బయటికి తీశారు. మడతలు ఒక్కొక్కటే టక్కుమని విచ్చుకున్నాయి. లోపల చీరలు సర్దుతున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలెత్తారు. రోజూ మెట్రో దాకా భుజం ఇచ్చే మనిషి చేతిలో చీర అలాగే పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అందరు చూస్తున్నరా మేడం?"

లేదని చెబుదామనుకున్నాను. కానీ "చూస్తున్నారండీ" అన్నాను.

"భయమైతుందా నాయినా?" అంది కూతురు.

"మస్తు అయితుంది బిడ్డా." కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "నీ గురించి ఏడాదికోసారి భయపడుత. ఇయ్యాల నా గురించి భయపడనియ్యి."

ఆమె తలుపు తీయబోతే వద్దన్నారు. కర్ర కొసతో గడప కోసం కాసేపు వెతికారు. అది తగిలాక, కాలెత్తి లోపల పెట్టారు.